మా తమ్ముడు తాగేవాడు కాదు

(ప్రపంచ హెపటైటిస్ దినోత్సవం సందర్భంగా జూలై 28న కావలిలోని ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. ఆ పని కార్యదర్శి గారు పావుగంట చేశారు, అధ్యక్షులవారు మరో పావుగంట చేశారు. నాకు మిగిలింది అరగంట. శాలువా ముందే కప్పేశారు కాబట్టి ఇక వద్దనలేను. ఈ ఉక్కలో మడిచి బల్ల మీద పెట్టుకుంటాను, తప్పుగా అనుకోవద్దు.

నాకు ఇచ్చిన అంశం ‘క్యాన్సర్ రాకుండా పది జాగ్రత్తలు’. కరపత్రంలో అదే అచ్చయింది. పదీ రాసుకొనే వచ్చాను, కాగితం జేబులో ఉంది. అయితే అధ్యక్షులవారు తొలిపలుకుల్లో ఒక మాట అన్నారు. “కాలేయం చెడిందంటే మనిషి అలవాట్లు చెడినట్టే” అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాక నాకు ఆ కాగితం తీయబుద్ధి కావడం లేదు. వారు నాకు ముప్పై ఏళ్ల స్నేహితులు, కోపం ఏమీ లేదు. కానీ ఇదే మాటను మా ఇంటి పంచలో, మా తమ్ముడి పెద్దకర్మ రోజున, విస్తళ్లు ఎత్తకముందే విన్నాను.

మా తమ్ముడు 2004లో కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. నలభై మూడేళ్లు. వాడు తాగేవాడు కాదు.

మీలో కొందరు ముఖాలు చూసుకుంటున్నారు. అన్న కదా, అలాగే చెబుతాడు అనుకుంటున్నారు. ఆ రోజు పంచలో కూడా అలాగే అనుకున్నారు. “పైకి తెలియనివ్వలేదు గానీ లోపల అలవాటు ఉండే ఉంటుంది” అన్నాడు ఒకాయన, పెరుగన్నం కలుపుకుంటూ. మా అమ్మ తలుపు వెనక నిలబడి వింది. సారా, విస్కీ కాలేయాన్ని చెడగొట్టవని నేను అనడం లేదు. తప్పకుండా చెడగొడతాయి, క్యాన్సర్ కూడా తెస్తాయి. కానీ మా వాడి కాలేయంలోకి వచ్చింది సీసాలోంచి కాదు. అది వాడు పుట్టిన రోజునే వచ్చింది, 1961లో, కనిగిరి దగ్గర మా ఊళ్లో, మంత్రసాని చేతుల్లో వాడు ఇంకా మొదటి ఏడుపు ఏడుస్తున్నప్పుడు. పేరు హెపటైటిస్ బి, కాలేయంలో కాపురం పెట్టే వైరస్. అందుకని ఈ రోజు పది జాగ్రత్తలు చెప్పను. ఒకటే చెబుతాను. దానికి ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను నెల్లూరులో రక్తనిధిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. ఎక్కడ అన్నది అడగవద్దు. దాతలు ఇచ్చిన రక్తాన్ని పరీక్షించడం నా పని. మేమంతా హెపటైటిస్ బి పరీక్షను ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అనేవాళ్లం. ఆ పేరెందుకు వచ్చిందంటే, బారుక్ బ్లుమ్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త మనుషుల రక్తంలో ఒకరికీ మరొకరికీ ఉండే తేడాలను వెతుకుతూ, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో ఒక కొత్త పదార్థాన్ని చూశాడు. 1965లో ప్రకటించాడు. అది కామెర్ల వైరస్ తాలూకు పైతొడుగు అని తరువాత తేలింది. 1976లో నోబెల్ ఇచ్చారు. ఆయన పుట్టినరోజు జూలై 28. ఈ సభ ఈ తేదీన జరగడానికి కారణం అదే. కరపత్రంలో ఆ సంగతి వేయలేదు గానీ ప్రింటింగ్ ప్రెస్ వాళ్ల సెల్ నంబరు మాత్రం పెద్దక్షరాల్లో వేశారు.

1991లో మా పిన్నమ్మకు ఆపరేషన్. రక్తం కావాలన్నారు. తమ్ముడు ఊరి నుంచి పరుగున వచ్చి, చేయి చాపి, సీసా నిండా ఇచ్చాడు. పరీక్ష నేనే చేశాను. ఎలైజా అనే ఆ రక్తపరీక్ష పలకలో వరుసగా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. లోపం లేని రక్తానికి గుంట తెల్లగా ఉంటుంది. వాడి గుంట పసుపు రంగుకు తిరిగింది. మళ్లీ చేశాను. మళ్లీ పసుపే. ఆ రోజుల్లో మాకున్న ఆనవాయితీ ఏమిటంటే, ఆ సీసాను పక్కన పడేయడం, దాతకు ఏమీ చెప్పకపోవడం. చెప్పమని పైవాళ్లు అనలేదు, చెప్పాలని మాకు తోచలేదు. వాడు బయట బెంచీ మీద బిస్కెట్ తింటూ, “సరిపోయిందా అన్నా?” అని అడిగాడు. “గ్రూపు కలవలేదు, ఇంకొకరిని చూశాం” అన్నాను. బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ పసుపు గుంట గురించి నేను పదమూడేళ్లు మాట్లాడలేదు.

ఈ మాట చెప్పడానికే వచ్చానేమో అని ఇప్పుడు నాకే అనిపిస్తున్నది. సరే, మంచినీళ్లు ఇవ్వండి.

వాడికి జబ్బు బయటపడ్డాక ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించాను. ఆ ఫలితాలు ఒక పాఠ్యపుస్తకం లాంటివి, వినండి. మా అమ్మకు ఉంది. నాకు లేదు, ఎప్పుడో వచ్చి పోయిన ఆనవాలు కూడా లేదు. తమ్ముడికి ఉంది. చెల్లెలికి ఉంది. చెల్లెలు ఈ సభలోనే కూర్చుని ఉంది, తానే చెప్పమన్నది కాబట్టి చెబుతున్నాను. అంటే నా కాన్పుకూ తమ్ముడి కాన్పుకూ నడుమ ఎక్కడో మా అమ్మకు వైరస్ సోకింది. ఆ రోజుల్లో కాంపౌండరు గారు గాజు సిరంజి పట్టుకుని సైకిల్ మీద తిరిగేవారు. ఊరంతటికీ ఒకే సూది. మరిగించేవారు, నీళ్లు వెచ్చబడితే చాలనుకునేవారు. పచ్చబొట్టు పొడిచే ఆవిడకూ ఒకే సూది. ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా ఏడు రోజులు బతుకుతుంది. ఇక ఎవరిని తప్పుపడతాం?

ఇప్పుడు అసలు విశేషం. తమ్ముడి భార్యకు పరీక్షిస్తే వైరస్ లేదు. కానీ వచ్చి పోయిన గుర్తు ఉంది. భర్త నుంచి సోకింది, ఆమె శరీరం దాన్ని తరిమేసింది, ఆమెకు తెలియను కూడా తెలియదు. ఒక చలికాలంలో నాలుగు వారాలు నీరసంగా ఉండి అన్నం సహించలేదట, అంతే. అదే వైరస్. అదే ఇల్లు, అదే కంచం. ఆమె బతికింది, వాడు పోయాడు. ఎందుకు?

వయసు. ఒక్క వయసే తేడా. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి తొంభై ఐదు మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. ఒకటి నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు సోకితే నూటికి పాతిక నుంచి యాభై మందిలో తిష్ఠ వేస్తుంది. పురిటిలో సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. లెక్క తలకిందులైంది చూశారా. పురిటిబిడ్డ శరీరం అప్పుడే ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయి అన్నది నేర్చుకుంటూ ఉంటుంది. కళ్లు తెరిచేసరికే ఇంట్లో తిరుగుతున్న మనిషిని దొంగ అని ఏ పిల్లవాడు అనుకుంటాడు? మా తమ్ముడి శరీరం ఆ వైరస్‌ను ఇంటి మనిషే అనుకుంది. నలభై ఏళ్లు అన్నం పెట్టింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇంకా పదిహేను నిమిషాలు ఉన్నాయి, నేనూ చూసుకుంటున్నాను.

కాలేయంలో కూర్చుని అది ఏం చేస్తుంది? ఇక్కడ మీకు కొత్త శాస్త్రం ఒకటి చెప్పాలి. ఎపిజెనెటిక్స్ అంటారు. 1942లో వాడింగ్టన్ అనే ఆయన పెట్టిన పేరు. తెలుగులో దీనికి ఇంకా నిలదొక్కుకున్న మాట లేదు. మాట లేకపోతే ఏం, మనకు కాలువలు ఉన్నాయి. కావలి కాలువకు సోమశిల నీళ్లు వస్తాయి. కాలువల పటం అందరికీ ఒకటే, ఇంజనీరు గారి ఆఫీసు గోడకు వేలాడుతూ ఉంటుంది. కానీ ఏ పొలానికి నీళ్లు అందుతాయన్నది పటంలో ఉండదు, తూముల్లో ఉంటుంది. ఏ తూము షట్టరు ఎత్తారు, ఏది బిగించారు అన్నది కాలువ కాపలా చూసే లస్కరుకు తెలుసు. మన డీఎన్‌ఏ ఆ పటం. కంటిలో కణానికీ కాలేయంలో కణానికీ పటం ఒక్కటే. కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఉన్నాయంటే తూములు వేరువేరుగా తెరిచి ఉండడం వల్లే. మిథైల్ అనే చిన్న రసాయనపు ముడి డీఎన్‌ఏ మీద పడితే సాధారణంగా ఆ తూము మూసుకుంటుంది. ఈ షట్టర్లలో ఎక్కువ భాగాన్ని బిగించేదీ ఎత్తేదీ ఎప్పుడంటే, తల్లి కడుపులో ఉన్నప్పుడు, మరీ ముఖ్యంగా కడుపున పడ్డ మొదటి రోజుల్లో. 

రైతులకు ఇది ఇంకోలా చెప్పవచ్చు. ఒకే బస్తాలోని మొలగొలుకుల విత్తనం రెండు నారుమళ్లలో పోశారనుకోండి. ఒక మడిలో నీళ్లు చాలలేదు. నాటు వేశాక రెండింటికీ ఒకే ఎరువు వేసినా ఆ బీదనారు తన పురిటి రోజులను మరచిపోతుందా?

హాలెండులో 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం తిండి రవాణా ఆపేసింది. కరవు. అప్పుడే కడుపున పడిన బిడ్డలను అరవై ఏళ్ల తరువాత పరీక్షించారు. వాళ్ల తోబుట్టువులతో పోల్చి చూశారు. ఐజీఎఫ్2 అనే ఎదుగుదల జన్యువు మీద మిథైల్ ముడులు వాళ్లకు తక్కువగా ఉన్నాయి. 2008లో అచ్చయిన అధ్యయనం ఇది. తోబుట్టువులతో పోల్చారన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఒకే తల్లి, ఒకే ఇల్లు, వేరే కాన్పు. మా ఇంటి కథ అది.

వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. కరవు, హాలెండు, మనకెందుకని కాబోలు. అయితే గాంబియా వినండి. పడమటి ఆఫ్రికాలో చిన్న దేశం, వేరుశనగ పండిస్తారు, మన కనిగిరి వైపు లాగే. అక్కడ కెనెబా అనే పల్లెలో పుట్టుకలూ చావులూ దశాబ్దాల తరబడి రాసిపెట్టారు. వానాకాలంలో పొలం పచ్చగా ఉంటుంది, గాదె ఖాళీగా ఉంటుంది. ఆ ఆకలి నెలల్లో పుట్టినవాళ్లు చిన్నతనం దాటాక, ఇరవైల్లోకి వచ్చాక, ఎక్కువగా చనిపోతున్నారని 1997లో తేల్చారు. అందులో చాలా చావులు అంటురోగాలతోనే. ఆ తరువాత, బిడ్డ ఏ ఋతువులో కడుపున పడిందన్న దాన్ని బట్టి కొన్ని తూములు వేరుగా బిగిసి ఉన్నాయని 2015లో చూపించారు. అందులో ఒకదాని పేరు వీటీఆర్‌ఎన్‌ఏ2-1. ఆ పేరు మరచిపోండి, పని గుర్తుంచుకోండి. కణంలోకి వైరస్ చొరబడితే గంట కొట్టే కాపలా ప్రోటీన్ ఒకటి ఉంది. దాన్ని అదుపులో పెట్టేది ఈ జన్యువే. కణితులను అణచిపెట్టే పని కూడా దీనికి ఉందని అంటారు. వైరస్‌కూ క్యాన్సర్‌కూ సంబంధించిన ఒకే తూము, తల్లి గర్భం దాల్చిన నెలను బట్టి వేరుగా బిగిసింది! అక్కడి నుంచి ఫలానా మనిషికి క్యాన్సర్ వచ్చేదాకా తిన్నని దారి ఇంకా ఎవరూ వేయలేదు. పత్రికల్లో వేసేసినట్టు రాస్తారు, నమ్మవద్దు. 

ఒక్క క్షణం, అందరూ మీ భుజం చూసుకోండి. చొక్కా చేయి పైకి జరపండి, సిగ్గుపడవద్దు. నాణెం అంత మచ్చ ఉందా? బీసీజీ టీకా. క్షయకు వేశారు. ఆ టీకా మన రక్తంలోని కాపలా కణాల తూములను కూడా మార్చి, ఇతర క్రిములను కూడా గట్టిగా ఎదిరించేలా తర్ఫీదు ఇస్తుందని హాలెండు శాస్త్రవేత్తలు 2012లో చూపించారు. గినియా-బిస్సావులో బరువు తక్కువ పురిటిబిడ్డలకు ఆలస్యం చేయకుండా ఆ టీకా వేస్తే మొదటి నెల చావులు తగ్గాయి. అంటే పురిటి రోజుల్లో తూములు చెడుకే కాదు, మంచికి కూడా తిరుగుతాయి. ఆ మచ్చను అందానికి అడ్డం అని తిట్టుకున్న ఆడపిల్లలు మా ఇంట్లోనూ ఉన్నారు.

మళ్లీ తమ్ముడి దగ్గరికి వస్తాను. హెపటైటిస్ బి వైరస్ జన్యువు ఎంతో తెలుసా? మూడు వేల రెండు వందల అక్షరాలు. మనది మూడు వందల కోట్ల అక్షరాల గ్రంథం. దాని ముందు ఇది ఈ సభ కరపత్రమంత. కానీ కాలేయ కణం నడుమనున్న కేంద్రకంలోకి వెళ్లి, మన డీఎన్‌ఏ చుట్టుకునే కండెలకే తనూ చుట్టుకుని, ఇంటి సామానులా సర్దుకుంటుంది. మందులు వైరస్ పిల్లలు పెట్టకుండా ఆపుతాయి గానీ ఆ చుట్టను పెకలించడం ఈనాటికీ కష్టం. పైగా తన కాగితం ముక్కలను మన గ్రంథంలో అక్కడక్కడా అతికిస్తుంది. కణానికి చావు లేకుండా చేసే టెర్ట్ అనే జన్యువు పక్కన అతుక్కుందంటే ఆ కణం ఇక ఆగదు. ఎక్స్ అనే దాని ప్రోటీన్ ఒకటి దొంగలా వచ్చి మన తూములను తిప్పుతుంది. కణితిని అణిచే తూములు మూస్తుంది. ఇదంతా ఒక్క రోజులో కాదు. ముప్పై, నలభై ఏళ్లు పడుతుంది. ఒంట్లో నొప్పి ఉండదు. మా వాడు 2003 సంక్రాంతికి ఎడ్లబండి మీద పదహారు బస్తాలు ఒక్కడే ఎత్తాడు.

బస్తాలు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. మాది వేరుశనగ ఇల్లు. కాయ ఆరబెట్టినప్పుడు వాన పడితే బూజు పడుతుంది. మంచి కాయ మార్కెట్‌కు, పుచ్చు కాయ ఇంటికి. మా నాయన ఎప్పుడూ అదే చేశాడు, మీ నాయనలూ అదే చేశారు. మంచిది అమ్ముకుంటేనే కదా అప్పు తీరేది. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చస్తే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి వల్ల అని కనిపెట్టారు. ఈ విషం కాలేయ కణంలో పీ53 అనే కాపలా జన్యువును ఒక ఖచ్చితమైన చోట గాయపరుస్తుంది. షాంఘైలో పద్దెనిమిది వేల మంది మగవాళ్లను గమనించిన అధ్యయనంలో, వైరస్ ఒక్కటే ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు ఏడు రెట్లు ఉంటే, వైరస్‌తో పాటు ఈ విషం కూడా ఒంట్లో ఉన్నవాళ్లకు దాదాపు అరవై రెట్లు వచ్చింది. ఇది కూడిక కాదు, గుణకారం. చేదు పప్పును బెల్లం కలిపి పిల్లలకు పెట్టే ఇల్లాళ్లు ఇక్కడ ఉంటే, అమ్మా, పారేయండి. పశువులకు కూడా పెట్టవద్దు, పాలలోకి వస్తుంది.

జబ్బు ముదిరాక కామెర్లు వచ్చాయి. ఇక పసరు మొదలైంది. ఈ సభలో పసరు తాగనివాళ్లు చేతులెత్తండి. చూశారా, ముగ్గురు. నాకూ తాగించారు. మా వాడికి ముంజేతి మీద వాతలు కూడా పెట్టించారు, రెండు నెలలు పోయాయి. పసరు వేసే ఆయన్ను నేను తిట్టను. నేలఉసిరిని నవ్వుకుని వదిలేయలేదు బ్లుమ్‌బర్గ్, ఆస్ట్రేలియా యాంటిజెన్ కనిపెట్టిన ఆయనే. మద్రాసు వైద్యులతో కలిసి పరీక్ష పెట్టించాడు. 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మందు తీసుకున్న ముప్పై ఏడు మందిలో ఇరవై రెండు మందికి వైరస్ తొడుగు రక్తంలోంచి పోయిందన్నారు. దేశమంతా సంబరపడింది. తరువాత వేరే చోట్ల చేస్తే ఆ ఫలితం రాలేదు. అదీ శాస్త్రం. మరి పసరుతో తగ్గినవాళ్ల సంగతి ఏమిటంటారా? నీళ్ల వల్ల వచ్చే కామెర్లు సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పెద్దవాళ్లకు వచ్చిన బి కూడా చాలావరకు అంతే. పని శరీరానిది, పేరు పసరుది. తగ్గనివాళ్లు వచ్చి చెప్పరు కదా.

నాకు చీటీ పంపారు. ‘ఐదు నిమిషాలు’ అని రాసి ఉంది. సరే.

మందు గురించి చెప్పకుండా దిగను. ఈ జిల్లాలోనే పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాదరెడ్డి గారు, విదేశీ టీకా మనవాళ్లు కొనలేని ధరలో ఉన్న రోజుల్లో, హైదరాబాదులో కంపెనీ పెట్టి 1997లో మన దేశపు హెపటైటిస్ బి టీకాను బయటికి తెచ్చారు. కంపెనీ పేరు శాంత. అది ఆయన తల్లి పేరు. ఈ టీకాను క్యాన్సర్‌ను ఆపే మొదటి టీకా అంటారు. ఊరికే అనలేదు. తైవాన్ 1984లో పురిటిబిడ్డలకు వేయడం మొదలుపెడితే, పదేళ్లకే ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. మన దేశంలో 2011 నాటికి అన్ని రాష్ట్రాల్లో ఉచిత టీకాల పట్టికలోకి ఎక్కింది. అయినా ఇప్పటికీ దాదాపు మూడు కోట్ల మంది ఈ వైరస్‌తో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో ఎంతమందికి ఆ పసుపు గుంట సంగతి ఎవరూ చెప్పలేదో!

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా వైరస్ వల్లే, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు దానికీ టీకా ఉంది. ఆ సంగతి మరో సభలో డాక్టరమ్మ ఎవరినైనా పిలిచి చెప్పించండి, నా కంటే బాగా చెబుతారు.

ఇక మా అమ్మ. ఫలితాలు వచ్చిన రాత్రి నన్ను పిలిచి, “నాయనా, వాడికి ఇది నేనే ఇచ్చానా?” అని అడిగింది. “కాదమ్మా, ఎక్కడో సూది వల్ల వచ్చింది” అన్నాను. అబద్ధం కాదు, సగం నిజం. ఆమెకూ సూది వల్లే కదా వచ్చింది. ఆమె నమ్మలేదు. తరువాత పద్దెనిమిదేళ్లు బతికింది. పండుగకు బూరెలు వండితే వాడి వాటా తీసి పక్కన పెట్టేది. రెండేళ్ల క్రితం పోయింది, అందుకే ఈ రోజు నోరు విప్పుతున్నాను.

ఈ కొత్త శాస్త్రం చదువుతుంటే నాకు ఒక భయం. కడుపులో ఉన్నప్పుడు తల్లి ఏం తింది, ఏ నెలలో గర్భం దాల్చింది అని లెక్కలు తీసి, చివరికి మళ్లీ ఆడదాని మీదికే తోస్తారేమో అని. ఇంతకు ముందు తలరాత అనేవాళ్లం, ఇప్పుడు తల్లిరాత అంటామా? మా అమ్మ నిండు చూలాలిగా సజ్జ సంకటి, పచ్చిమిరపకాయ తిని కలుపు తీసింది. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం మిథైల్ ముడులకు ముడిసరుకు. బొంబాయి మిల్లు కూలీల్లో గర్భిణులకు రక్తహీనత ఎందుకు వస్తున్నదో వెతికి లూసీ విల్స్ దాని జాడ పట్టింది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అంత చరిత్ర ఉన్న మాత్ర ఈనాడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. 1961లో మా అమ్మకు ఎవరిచ్చారు? నారు పోసినవాడు నీరు పోయడా అని దేవుడి మీద పెట్టి ఊరుకున్నాం. నీరు పోయాల్సింది దేవుడు కాదు. మనం.

అధ్యక్షా, రెండే నిమిషాలు. కూర్చోండి, దయచేసి.

మా చెల్లెలి కూతురు 1990లో పుట్టింది, శాంత టీకా రావడానికి ఏడేళ్ల ముందు. దానికీ ఉంది. ఇది కూడా వాళ్లే చెప్పమన్నారు. మంచి అమ్మాయి, టీచరు. పోయిన ఏడాది గర్భవతి అయితే, వైరస్ ఎంత ఉందో చూసి డాక్టరు చివరి మూడు నెలలు వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్ర ఇచ్చారు. బిడ్డ పుట్టిన పన్నెండు గంటల్లోపు రెండు సూదులు పడాలి. ఒకటి టీకా, ఒకటి ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను పట్టుకునే తయారు ప్రతిరక్షకాలు. రెండోది ఖరీదైనది, అన్ని చోట్లా ఉండదు. నేనే నెల్లూరులో కొని, ఐసు ముక్కలు పోసిన డబ్బాలో పెట్టుకుని, ప్రసవం అవుతున్న ప్రైవేటు ఆసుపత్రికి బస్సులో తీసుకెళ్లాను.

ఆదివారం. సాయంత్రం నాలుగున్నరకు పాప పుట్టింది. తెచ్చిన సూది వేశారు. టీకా ఏదమ్మా అంటే, “ఫ్రిజ్‌కు తాళం వేసి ఉందండీ, తాళంచెవి స్టోరు ఆయన దగ్గర ఉంది, ఆయన రేపు వస్తారు” అన్నది నర్సు. పన్నెండు గంటల్లోపు పడాలి తల్లీ అన్నాను. “రేపు పొద్దున వేస్తాం లెండి తాతయ్యా, అందరికీ అలాగే వేస్తాం.” ఆ అమ్మాయి తప్పు లేదు, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. నేను ఎవరి మీదా అరవలేదు. ఆ ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి చూశాడు. మేనేజరు వచ్చి, పెద్దవారు, ఇంటికి వెళ్లండి అన్నాడు. 1991లో ఒక బెంచీ దగ్గర నేను నోరు మూసుకున్నాను, ఈసారి లేవను అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కావలసిన పని కూడా లేదు. ఫోన్లు చేశారు. స్టోరు ఆయన ఏదో పెళ్లిలో ఉన్నాడట, భోజనం మధ్యలో లేచి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు, చేతికి ఇంకా పప్పు అంటుకునే ఉంది.

తాళం తీసేసరికి ఏడూ నలభై. పాప పుట్టి మూడు గంటల పది నిమిషాలు. తొడకు సూది పడగానే గట్టిగా ఏడ్చింది. కార్డు మీద నర్సు తేదీ వేసింది. టైము కూడా రాయమ్మా అన్నాను. “తేదీ చాలు కదా తాతయ్యా, టైము ఎవరూ రాయించుకోరు” అన్నది. కార్డు తిప్పి ఆమె ముందు పెట్టాను. రాసింది.